గ్రౌండ్ బయట నలుగురు, లోపలికి వినిపించాల్సింది ఒక్కరే

ప్రశ్న: మాది చిత్తూరులో చిన్న డిగ్రీ కాలేజీ. నేను ఫిజిక్స్ చెబుతాను. ఫుట్‌బాల్ టీముకు మేనేజరుగా ఉండమని ప్రిన్సిపాల్ గారు నాకు అప్పజెప్పారు. మా పి.డి. (ఫిజికల్ డైరెక్టర్) సార్‌ది అథ్లెటిక్స్. యూనివర్సిటీకి ఆడిన మా పాత విద్యార్థి ఒకతను గౌరవ వేతనం మీద పొద్దున పూట కోచింగ్‌కు వస్తాడు. ల్యాబ్ అటెండరు ఒకాయన ఇష్టం కొద్దీ వచ్చి సాయం చేస్తాడు. పిల్లలు 22 మంది, బంతులు 6. గ్రౌండు మాకు దొరికేది 6 నుంచి 7:30 వరకే. పోయినసారి ఇంటర్ కాలేజియేట్‌లో మూడు గోల్స్ తిని వచ్చేశాం, మూడూ కార్నర్ల (గ్రౌండు మూల నుంచి కొట్టే కిక్‌ల) మీదే. గీత దగ్గర పి.డి. సార్ ఒకటి అరిస్తే కోచ్ ఇంకొకటి అరిచాడు. ఇద్దరు పిల్లలకు తొడ వెనక కండరం పట్టేసింది. ఇంకో కోచ్‌ను పెట్టుకోవాలా? మా నలుగురిలో ఎవరేం చేయాలి? ఆరు వారాలు టైముంది.
— ఒక అధ్యాపకుడు, చిత్తూరు

సమాధానం: ఇంకో కోచ్ అక్కర్లేదు సార్. ఉన్న నలుగురూ ఎక్కువే. మీ టీముకు తక్కువైంది ఎవరి పని ఏదన్న ఏర్పాటు. ఐదో మనిషి వస్తే గీత దగ్గర ఇంకో గొంతు లేస్తుంది, అంతే.

ముందు ఆ గొంతుల సంగతి తేల్చండి. ఆట నియమాల్లోనే ఉంది: టెక్నికల్ ఏరియాలోంచి ఒక సమయంలో ఒక్కరే ఆటగాళ్ళకు సూచనలు ఇవ్వాలి. ఆ ఏరియా కూర్చునే చోటుకు అటూ ఇటూ ఒక్కో మీటరు, ముందుకు టచ్‌లైన్‌కు (గ్రౌండు పక్క గీతకు) ఒక మీటరు ఇవతలి వరకు. 2019 నుంచి రెఫరీ బయట ఉన్న సార్లకు కూడా ఎల్లో కార్డు, రెడ్ కార్డు చూపించవచ్చు. అరిచిందెవరో తేలకపోతే ఆ కార్డు అక్కడున్న పెద్ద కోచ్ ఖాతాలో పడుతుంది. మీ వైపు నుంచి ఇద్దరు అరుస్తుంటే ఆట చెడేది ఎలాగూ చెడుతుంది, కార్డు అదనం.

ఆ ఒక్కరు ఎవరంటే కోచే. వయసులో చిన్నవాడైనా సరే, రోజూ బంతితో పిల్లలను చూస్తున్నది అతనే. కానీ ఇది మీరు చెబితే పి.డి. సార్‌కు కష్టంగా ఉంటుంది, కోచ్ చెప్పుకుంటే ఇంకా కష్టం. పి.డి. సార్ చేతే పిల్లల ముందర చెప్పించండి: “ఆట మొదలయ్యాక మాట కోచ్‌ది, నేను కూడా ఏదన్నా ఉంటే ఆయనకే చెబుతాను” అని. దీనికి కారణం ఉంది. మన కాలేజీల్లో పిల్లలు కోచ్‌ను “అన్నా” అంటారు, పి.డి.ని “సార్” అంటారు. అన్న ముందుకు పొమ్మని, సార్ వెనక్కి రమ్మంటే పిల్లవాడు భయం కొద్దీ వెనక్కొస్తాడు. మనసు మాత్రం ముందుంటుంది. రెండిటికీ చెందకుండా మధ్యలో నిలబడిపోతాడు. వాడి వెనక ఖాళీ కనబడేది అవతలి వింగర్‌కే (అంచు వెంట ఆడేవాడికే).

పి.డి. సార్‌ను పక్కన పెట్టమని అర్థం కాదు. అథ్లెటిక్స్ మనిషి ఉండడం మీ టీముకు దక్కిన అదృష్టం, మీరు దాన్ని వాడుకోలేదు. తొడ వెనక కండరాలు పట్టేశాయంటే కారణం చాలాసార్లు వార్మప్‌లోనే దొరుకుతుంది: గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు మెల్లగా పరిగెత్తించి, చల్లటి ఒంటితో కాళ్ళు సాగదీయించి, తిన్నగా మ్యాచ్‌లోకి దించేస్తారు. వారమంతా ఒక్కసారి కూడా పూర్తి వేగంతో పరిగెత్తని కండరం ఆ రోజు ఒక్కసారిగా పరిగెత్తాల్సి వస్తుంది. అందుకని మొదటి 20 నిమిషాలు పూర్తిగా పి.డి. సార్‌కు ఇచ్చేయండి. ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్ ఉంది, 15 వ్యాయామాలు. పరుగులు ఆరు, వీటికి 8 నిమిషాలు: తిన్నగా, తుంటి బయటికి తిప్పుతూ, లోపలికి తిప్పుతూ, జతగాడి చుట్టూ తిరుగుతూ, గాల్లో భుజం భుజం తాకిస్తూ, ముందుకు పోయి వెనక్కి వస్తూ. తర్వాత బలం, నిలకడ కోసం ఆరు, వీటికి 10 నిమిషాలు. చివర వేగం పరుగులు మూడు, 2 నిమిషాలు. వారానికి కనీసం రెండుసార్లు చేస్తేనే ఫలితం, మీకు మూడుసార్లు వీలవుతుంది. మ్యాచ్ రోజు మధ్యలోని బలం భాగం వదిలేసి పరుగుల భాగాలు రెండే చేయించాలి.

బలం కోసం చేసే ఆ ఆరింటిలో మీ పిల్లలకు అత్యవసరం నార్డిక్ హ్యామ్‌స్ట్రింగ్. మోకాళ్ళ మీద కూర్చున్నవాడి చీలమండలను జతగాడు వెనక నుంచి గట్టిగా అదిమి పట్టుకుంటాడు. వీడు తల నుంచి మోకాలి దాకా కర్రలా తిన్నగా ఉండి మెల్లగా ముందుకు వాలి, ఇక ఆపుకోలేనప్పుడు చేతుల మీద పడతాడు. మొదట్లో 3 నుంచి 5 సార్లు చాలు. కొన్ని వారాలయ్యాక 7 నుంచి 10. అందరూ చేసే తప్పు నడుము దగ్గర వంగిపోవడం. వంగితే బరువు తొడ వెనక పడదు, ఎన్నిసార్లు చేసినా దండగ. మొదటి రెండు రోజులు ఒళ్ళు నొప్పులంటారు, అది మామూలే. ఎగిరి దిగే వ్యాయామాల్లో చూడాల్సింది మోకాలు. దిగేటప్పుడు రెండు మోకాళ్ళు లోపలికి ఒరుగుతుంటే అక్కడే ఆపించి, పాదం వేళ్ళ వైపే మోకాలు ఉండేలా మళ్ళీ చేయించాలి. మోకాలి లిగమెంటు తెగేది ఎక్కువగా అలాంటి దిగుడులోనే. ఇవి కనిపెట్టడానికి పరుగుపందెం మనిషి కన్ను కావాలి. ఫుట్‌బాల్ కోచ్‌లకు ఆ ఓపిక తక్కువ.

మిగిలిన 70 నిమిషాలు కోచ్‌వి. ఆరు బంతులతో 22 మంది అంటే క్యూలో నిలబడి వంతు కోసం చూడడమే ఎక్కువ. ఇంకో ఐదు కొనిపించండి, ఇద్దరికి ఒకటి లెక్కన 11. ఇంకో కోచ్‌కు ఇవ్వాలనుకున్న డబ్బు ముందు ఇక్కడ పెట్టండి. అయిదో నంబరు బంతికి గాలి 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల మధ్య ఉండాలి, గేజిలో చూస్తే సుమారు 8.5 నుంచి 15.6 పి.ఎస్.ఐ. మన వైపు ఎర్రమట్టి గ్రౌండ్లలో బంతి మరీ ఎగురుతుంది కాబట్టి ప్రాక్టీసుకు 9 దగ్గర ఉంచుకోవచ్చు. సూదిని తడిపి దించండి. పొడిగా గుచ్చితే వాల్వు దెబ్బతిని రెండు రోజులకొకసారి గాలి దిగిపోతుంది, బంతి నాసిరకమని తిట్టుకుంటారు.

ఆ సమయంలో పిల్లలను నలుగురు నలుగురుగా 30 బై 20 మీటర్ల చోట్లలో ఆడించడమే అన్నిటికన్నా లాభం. పదకొండు మంది ఆటలో వింగ్ మీద ఉన్నవాడికి బంతి చాలాసేపటికొకసారి గానీ రాదు. నలుగురి ఆటలో ఊపిరి తీసుకునేలోపు వస్తుంది. మూడు గళ్ళు గీస్తే గోలీలు పోను మిగిలిన పిల్లలు దాదాపు అందరూ ఒకేసారి ఆడతారు. షరతులు మారుస్తుండాలి: ఒకరోజు రెండు టచ్‌లే (రెండుసార్లు తాకేలోపు బంతి ఇచ్చేయాలి), ఒకరోజు ఎడమ కాలుతోనే. ఇది కొత్త సంగతేం కాదు. హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసి భారత జట్టుకు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెప్పించిన సయ్యద్ అబ్దుల్ రహీం బలహీనమైన కాలుతో ఆడించే పోటీలు పెట్టేవారు. ఇప్పటి కోచింగ్ కోర్సులు చెప్పేది దాదాపు అదే. చివరి 20 నిమిషాలు సగం గ్రౌండులో ఎనిమిది మంది ఎనిమిది మందిగా మ్యాచ్. కోచ్ ఈల వేసి ఆటను ఆపడం ఈ 20 నిమిషాల్లో రెండు మూడుసార్లకు మించకూడదు. పాఠం చెప్పే అలవాటున్న మనకు ఇది కష్టమే.

ఇక ల్యాబ్ అటెండరు గారు. మీరు “సాయం చేస్తాడు” అని ఒక్క మాటలో దాటేశారు గానీ ఆయనకు ఇవ్వాల్సిన పని చాలా పెద్దది. గోలీని చిన్న కాలేజీల్లో ఎవరూ పట్టించుకోరు. పొడుగ్గా ఉన్నాడని నిలబెట్టి, అందరి చేతా షాట్లు కొట్టిస్తారు. అది షూటర్లకు ప్రాక్టీసు అవుతుంది, గోలీకి కాదు. గోలీకి కావాల్సింది చేత్తో సరిగ్గా అనుకున్న చోటుకు బంతి విసరగలిగిన ఒక మనిషి, వారానికి మూడు రోజులు, రోజుకు 25 నిమిషాలు. ఫుట్‌బాల్ ఆడి ఉండక్కర్లేదు. ఛాతీ ఎత్తులో వచ్చే బంతికి రెండు బొటనవేళ్ళు దాదాపు తగిలేలా అరచేతులు వెనక ఉండాలి, నేల మీద వచ్చేదానికి చిటికెన వేళ్ళు దగ్గరై కాళ్ళ నడుమ సందు మూసుకోవాలి. ముందు విసిరి, అవి కుదిరాక కాలుతో.

డైవింగ్ మాత్రం గట్టినేల మీద నేర్పకండి. రెండు రోజుల్లో తుంటి చర్మం లేచిపోతుంది, ఆ తర్వాత పిల్లవాడు మ్యాచ్‌లో కూడా పక్కకు పడడానికి జంకుతాడు. మీ పి.డి. సార్ లాంగ్ జంప్ పిట్ ఉంది కదా, దాంట్లో నేర్పండి. ముందు పారతో ఇసుక తిరగేసి రాళ్ళు, గాజుపెంకులు ఏరేయాలి. కూర్చుని పక్కకు పడడం, మోకాళ్ళ మీది నుంచి, తర్వాత గొంతుక్కూర్చుని, చివరికి నిలబడి. పడేది మోచేతి మీద కాదు, తొడ పక్క, నడుము, భుజం పక్క వరసగా తాకాలి. ఒక్కో వైపు ఆరేసి సార్లు, మధ్యలో నిమిషం విశ్రాంతి. అలిసిన గోలీ తప్పుగా పడడం నేర్చుకుంటాడు.

ఇప్పుడు మీ మూడు గోల్స్. కార్నర్‌కు గోల్ తిన్నాక అందరూ గోలీని చూస్తారు. తప్పు మాత్రం చాలాసార్లు ముందే జరిగి ఉంటుంది: ఎవరి చోటు ఏదో ఎవరికీ చెప్పి ఉండరు, అందరూ బంతినే చూస్తుంటారు, వెనక నుంచి పరిగెత్తుకొచ్చినవాడు ఖాళీగా తల పెడతాడు. చిన్న టీముకు సరిపడే ఏర్పాటు ఒకటి చెబుతాం. గోలీ ఒకరు. దగ్గరి స్తంభం దగ్గర ఒకరు. గోల్‌కు 5.5 మీటర్ల దూరంలో గోల్ ఏరియా గీత ఉంటుంది కదా, దాని మీద మీలో తల బాగా పెట్టగల ముగ్గురు, దగ్గరి స్తంభానికి ఎదురుగా ఒకరు, మధ్యలో ఒకరు, దూరపు స్తంభం వైపు ఒకరు. వీళ్ళు మనిషిని పట్టుకోరు, తమ చోటికి వచ్చిన బంతిని ఎదురెళ్ళి కొడతారు. నలుగురు మాత్రం అవతలి నలుగురు గట్టివాళ్ళను ఒక్కొక్కరినీ అంటిపెట్టుకోవాలి, బంతి, మనిషి రెండూ కనబడేలా ఒంటిని పక్కకు తిప్పి. బాక్సు (పెనాల్టీ ఏరియా) అంచున ఒకరు, తిరిగొచ్చే బంతి కోసం. సగం గీత దగ్గర ఒకరు. మొత్తం పదకొండు. గోలీ “నాదే” అంటే మనవాళ్ళు దారివ్వాలి, “కొట్టు” అంటే ముగ్గురిలో ఒకరు కొట్టాలి. ఆ రెండు మాటలు తప్ప ఇంకేవీ వద్దు. బంతి బయటికి పోగానే “పైకి” అని గోలీ అరవాలి, అందరూ పరిగెత్తి బాక్సు ఖాళీ చేయాలి. రెండో గోల్ పడేది ఇది మరిచినప్పుడే. కార్నర్ కొట్టి వెనక్కి వచ్చిన బంతిని మళ్ళీ లోపలికి తోస్తారు, మనవాళ్ళు గోల్ ముందరే తారాడుతుంటారు.

మంగళ, శుక్రవారాల్లో పదేసి కార్నర్లు కొట్టించండి, ఎదురు ఎటాకర్లను పెట్టి. ఎటాకర్లు లేకుండా చేస్తే అందరూ బాగానే నిలబడతారు.

ఇంత చేసినా గోల్ పడే ఇంకో సందర్భం ఉంది, అక్కడే మీరు కావాలి. మనవాణ్ణి ఒకణ్ణి మార్చి కొత్తవాణ్ణి దింపుతాం. బయటికి వచ్చినవాడు కార్నర్‌లో అవతలి ఎనిమిదో నంబరును పట్టుకునేవాడు. కొత్తవాడికి అది ఎవరూ చెప్పలేదు. వచ్చే కార్నర్‌కే ఎనిమిదో నంబరు ఖాళీ. కాబట్టి కార్నర్, ఫ్రీ కిక్ చోట్లు రాసిన కాగితం మీ చేతిలో ఉండాలి. దిగేవాడి పక్కన నిలబడి “నువ్వు ఫలానావాడి చోటు, నీ మనిషి ఎనిమిది” అని చెప్పి, వాడి నోటితో తిరిగి చెప్పించుకుని పంపాలి. ఫిజిక్స్ లెక్చరర్‌కు ఫుట్‌బాల్ తెలియకపోయినా ఇది వస్తుంది.

మీకు ఇంకో పని కూడా: నోటుబుక్కు. మూడు గళ్ళు చాలు. ఎక్కడ బంతి పోగొట్టుకుంటున్నాం, అవతలివాళ్ళు ఎటు నుంచి వస్తున్నారు, ఫ్రీ కిక్‌లు, కార్నర్లు ఎవరెవరు తీస్తున్నారు. గ్రౌండు బొమ్మ గీసుకుని చుక్కలు పెట్టండి. బంతి ఎంతసేపు ఎవరి దగ్గరుందో లెక్కలొద్దు, దాంతో హాఫ్ టైమ్‌లో చేసేదేం లేదు.

హాఫ్ టైమ్ నియమం ప్రకారం 15 నిమిషాలకు మించదు, చిన్న టోర్నీల్లో 10 ఇస్తే గొప్ప. మొదటి మూడు నిమిషాలు నీళ్ళు, ఎవరూ మాట్లాడొద్దు. ఆలోపు మీ నలుగురూ పక్కకు పోయి మీ కాగితం చూసి తేల్చుకోండి. తర్వాత కోచ్ రెండే సంగతులు చెప్పాలి, ఒకటి మనం సరిదిద్దుకోవాల్సింది, ఒకటి అవతలివాళ్ళ బలహీనత. నాలుగు నిమిషాలు దాటితే పిల్లల చెవికెక్కదు. ప్రిన్సిపాల్ గారు గానీ, పూర్వ విద్యార్థుల సంఘం పెద్దలు గానీ ఆ సమయానికి వచ్చి “కాలేజీ పరువు” ఎత్తుకుంటే మర్యాదగా పక్కకు తీసుకుపోవడం కూడా మేనేజరు పనే.

దెబ్బల విషయం అటెండరు గారు, పి.డి. సార్ ఇద్దరూ చూసుకోవాలి. సంచిలో: 10 సెంటీమీటర్ల క్రేప్ బ్యాండేజీలు నాలుగు, 15 సెంటీమీటర్లవి రెండు, టేపు, గాజుగుడ్డ, సెలైన్ సీసా, గ్లవ్స్, కత్తెర, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు, థర్మోకోల్ డబ్బాలో ఐసు. స్ప్రే ఒక్కటే పట్టుకుపోయే టీములు ఎక్కువ. అది కాసేపు నొప్పి తెలియనివ్వదు, అంతకుమించి చేసేదేం లేదు. చీలమండ మడతపడితే ఐసును గుడ్డలో చుట్టి 15–20 నిమిషాలు, తర్వాత వేళ్ళ వైపు నుంచి పైకి క్రేప్ కట్టు, కాలు ఎత్తులో. మొదటి రెండు రోజులు నూనె, బామ్ పెట్టి నలపడం, వేడి కాపడం వద్దు. లోపల నెత్తురు ఇంకా కారుతుంది, వాపు పెరుగుతుంది. పుత్తూరు కట్టు మీద మన జిల్లాల్లో ఉన్న నమ్మకం తెలిసిందే. కట్టు ఎక్కడ కట్టించాలన్నది ఇంట్లోవాళ్ళ ఇష్టం. కానీ పిల్లవాడు నాలుగడుగులు వేయలేకపోతున్నా, చీలమండ ఎముక వెనక అంచు నొక్కితే ఎగిరిపడుతున్నా ముందు ఎక్స్‌రే తీయించాల్సిందే. తల తగిలి ఒక్క క్షణమైనా తబ్బిబ్బైనవాడు ఆ రోజు మళ్ళీ గ్రౌండులోకి పోకూడదు, “బాగానే ఉన్నా సార్” అన్నా సరే. ఎండలో ఆడుతూ పొంతన లేకుండా మాట్లాడినా, పడిపోయినా అది వడదెబ్బ అనుకుని నీడకు చేర్చి ఒళ్ళంతా నీళ్ళతో తడిపి గాలి ఆడించండి, అలా చల్లబరుస్తూనే 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రికి చేరాక చల్లబరుస్తారులే అని ఆగకూడదు.

“వీడు ఆడకూడదు” అని దెబ్బలు చూసే మనిషి అంటే అది కోచ్ మాట కన్నా పైన. మ్యాచ్ రోజు కోచ్ మాట చెల్లని చోటు ఇదొక్కటే. ముందే ఒప్పుకుని ఉండకపోతే ఆఖరి పది నిమిషాల్లో, గోల్ వెనకబడి ఉన్నప్పుడు, ఈ మాట ఎవరూ వినరు. తొడ కండరం పట్టిన ఇద్దరినీ కూడా పూర్తి వేగంతో, నొప్పి లేకుండా, వరసగా రెండు మూడు ప్రాక్టీసుల్లో పరిగెత్తేదాకా మ్యాచ్‌లో దింపకండి. “మెల్లగా పరిగెత్తగలుగుతున్నాడు” అన్నది కొలత కాదు. తొందరపెడితే మళ్ళీ అక్కడే పట్టేస్తుంది.

పల్లెల నుంచి తొలి బస్సులో వచ్చే పిల్లలు ఖాళీ కడుపుతో వస్తారు. ప్రాక్టీసుకు ముందు ఒక అరటిపండు, అయ్యాక నానబెట్టిన చెనిక్కాయలు, బెల్లం, గుడ్డు. సంగటి తినేవాళ్ళను మాన్పించకండి.

ఎంపిక సంగతి. పదకొండు మందిని కోచ్ రాస్తాడు, పి.డి. సార్ సంతకం పెడతాడు, హాజరు, ఫీజు బాకీ లాంటివి మీరు చూస్తారు. ముందురోజు రాత్రిలోపు పేర్లు తేలాలి. ఎవరి సిఫార్సు అయినా కోచ్ దగ్గరికి పోకుండా మీ దగ్గరే ఆగాలి. కోచ్‌కు గౌరవ వేతనం నెల నెలా సకాలంలో అందేలా చూడండి. అది ఆలస్యమైతే అతను మానేయడు, కానీ 6 గంటలకు రావాల్సినవాడు 6:20కి వస్తాడు. వేసవిలో అతన్ని ఏ.ఐ.ఎఫ్.ఎఫ్. (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) వారి డి లైసెన్స్ కోచింగ్ కోర్సుకు పంపే ఆలోచన చేయండి. పటియాలాలోని ఎన్.ఐ.ఎస్. (జాతీయ క్రీడా సంస్థ) నడిపే ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది, కానీ ఆరు వారాలు ఊరు విడిచి ఉండగలడో లేదో అతన్నే అడగాలి.

ఆరు వారాల్లో మొదటి రెండూ వార్మప్, చిన్న ఆటలు, గోలీ పని. కార్నర్లు మూడో వారంలో మొదలుపెట్టండి. నాలుగు, ఐదు వారాల్లో తిరుపతి టీములతో రెండు స్నేహపూర్వక మ్యాచ్‌లు కుదుర్చుకోండి. వాటిలో మీ నలుగురి పని విభజనను పరీక్షించాలి, గెలుపోటములు రాసుకోకండి. ఆరో వారం ప్రాక్టీసు భారం తగ్గించి, వేగం మాత్రం తగ్గించకుండా, తక్కువసేపు.

టోర్నీ ముందు జరిగే మేనేజర్ల సమావేశానికి మీరూ పి.డి. సారూ కలిసి వెళ్ళి ఇవి అడిగి రాసుకోండి: ఎంతమందిని మార్చుకోవచ్చు, ఎన్నిసార్లుగా, బయటికి వచ్చినవాడు తిరిగి దిగవచ్చా, ఆట ఎన్ని నిమిషాలు, సమమైతే అదనపు సమయమా, నేరుగా పెనాల్టీలా, ఎల్లో కార్డులు తర్వాతి మ్యాచ్‌కు లెక్కకొస్తాయా. మామూలు నియమాల్లో ఐదుగురిని, మూడు విడతల్లో మార్చుకునే వీలుంది, కానీ ఏ పోటీకి ఆ పోటీ నిర్ణయించుకుంటుంది. గుర్తింపు కార్డులు, ఎలిజిబిలిటీ ఫారాలు, జెర్సీ నంబర్లు మూడూ ఒకదానితో ఒకటి సరిపోయాయో లేదో ముందురోజే చూసుకోండి. షిన్ గార్డులు (మోకాలి కింద ముందు ఎముకకు కట్టుకునేవి) లేనివాణ్ణి రెఫరీ లోపలికి రానివ్వడు. ఉంగరం, గొలుసు, కడియం తీయించి మీ సంచిలో పెట్టుకోండి. టేపు చుట్టి దాచినా ఒప్పుకోరు, తీయడానికి సబ్బునీళ్ళు కావాల్సిన ఉంగరం ఒక్కటైనా ఉంటుంది.